ఖాలా పంపిన గుర్రం

ఖాలా పోయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది నస్రీన్.

నస్రీన్ ఖాలా చిన్న బిడ్డ. సిరిసిల్లలో మా వెనక వాడలోనే ఉంటుంది, ఇంట్లో మిషన్ పెట్టుకుని లంగాలు కుడుతుంది. ఆ రోజు పొద్దున్నే వచ్చి మా సాంచాల షెడ్డు తలుపు దగ్గర నిలబడింది. మరమగ్గాలను మేము సాంచాలంటాం. అవి నడుస్తుంటే చెవి పక్కన అరిచినా వినబడదు. నస్రీన్ పెదవులు కదులుతున్నాయి కానీ మాట అందలేదు. ఎన్నడూ తల మీద నిలవని ఆమె చున్నీ ఆ రోజు నుదుటి దాకా దిగి ఉంది. అది చూసి ఒక్కో సాంచా బంద్ చేసుకుంటూ వచ్చాను. ఆఖరుది ఆగాక నస్రీన్ మళ్ళీ చెప్పింది.

"అమ్మీ పోయిందక్కా. పొద్దుగాల నమాజుకు లేసింది, చదివింది, గా జానిమాజ్ మీదనే ఒరిగింది."

నమాజు చాప మీద, దేవుని ముందు కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయింది. ఇంకొకరికి చేయించుకోలేదు, ఇంకొకరిని పిలవలేదు. నేను లోపలికి పోయి దీపం వెలిగించి, మా దేవునికీ వాళ్ళ దేవునికీ కలిపి ఒకటే దండం పెట్టుకున్నాను. తర్వాత ఇద్దరం, ఖాలా ఇల్లూ మా అమ్మగారిల్లూ ఉన్న కోరుట్ల దారి పట్టాం.

జనాజా పాడె లేచే ముందు ఆడవాళ్ళకు ముఖం చూపించారు. నాకు మాత్రం ఆమె చేతులు చూడాలనిపించింది. అవి తెల్లగుడ్డ కింద ఉన్నాయి. ఆ చేతులు ఆగి ఉండగా నేను ఎన్నడూ చూడలేదు. ఆ రోజు కూడా చూడలేదు.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఒకప్పుడు కోరుట్లలో మా వాడ బోరింగు చుట్టూ గద్దె కట్టించింది. రాయి మీద పేరు చెక్కిద్దామని నలుగురూ అంటే ఒప్పుకోలేదు. "పేరు రాత్తే గా పుణ్యం రాయికే పోతది. నాకేం మిగులుతది?" అన్నది. అందుకని నేనూ రాయడం లేదు. ఖాలా అంటే వాళ్ళ మాటలో పిన్నమ్మ. మా వాడకంతా ఆమె ఖాలానే. ముసలివాళ్ళు కూడా అట్లాగే పిలిచేవారు.

నేను పెళ్ళికి ముందు కోరుట్లలో అమ్మానాన్నల దగ్గర బీడీలు చేసేదాన్ని. బడికి పోయింది తక్కువ. నాన్న ఇంట్లోనే అక్షరాలు దిద్దించి, కూడబలుక్కుని చదవడం నేర్పించాడు. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆయన పెట్టిన భిక్షే. మా ముందరి అర్రలో మధ్యాహ్నం పూట వాడ ఆడవాళ్ళు ముగ్గురు నలుగురు చేరేవారు, ఎవరి చాట వాళ్ళ ఒళ్ళో పెట్టుకుని. తడిపిన తునికాకు వాసన, తంబాకు ఘాటు, కత్తెరల చప్పుడు. ఖాలా గోడకు ఆనుకుని, ఒక మోకాలు ఎత్తి, ఒక మోకాలు చాపి కూర్చునేది. దారం కొస పళ్ళ మధ్య పట్టుకుని మాట్లాడేది. ఆ దారం వల్ల ఆమె మాటలు కొంచెం పక్కకు జారి బయటికి వచ్చేవి. కళ్ళు ఎటు చూస్తున్నా వేళ్ళు ఆకు కోసి, తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టి చాటలో పడేస్తూనే ఉండేవి.

ఆమెకు చాయ అంటే ప్రాణం. స్టీలు గ్లాసును చున్నీ అంచుతో పట్టుకుని, మొదటి గుక్క తాగి "షుకర్" అని దేవునికి కృతజ్ఞత చెప్పేది. రెండో గుక్కకు కూడా అనేది. ఒకసారి అమ్మ నవ్వి, "గుక్క గుక్కకు చెప్పాల్నా ఖాలా, గ్లాసుకు ఒక్కపారి చెప్తే సాలదా?" అంటే, "గుక్క గుక్కకు గొంతు దిగుతున్నది గద చెల్లె" అన్నది. ఆ మాట నాకు అంటుకుంది. ఈనాటికీ నేను అన్నం తినేటప్పుడు మధ్యలో ఒకసారి ఆగుతాను.

ఆమె అబద్ధం ఆడదు. ఇది పొగడ్త కాదు, వాడకంతా ఒక ఇబ్బంది. ఎవరింట్లోనైనా పెళ్ళిచూపులుంటే "జర ఖాలాను ఇంట్లనే ఉండమనుండ్రి" అని కబురు పంపేవారు. ఆమె కూడా ఏమీ అనుకునేది కాదు. "నన్ను అడుగుతే ఉన్నదే చెప్త. అందుకే నేను రాను పోండ్రి" అని తలుపు దగ్గరికి వేసుకునేది. నా పెళ్ళిచూపుల నాడు మాత్రం చెప్పడం మరిచిపోయారు. సిరిసిల్ల నుంచి వచ్చినవాళ్ళకు అమ్మ చాయలు ఇస్తూ, "మా పిల్లకు కుట్టు గూడ మంచిగ అత్తది" అన్నది. గడప దగ్గర కూర్చున్న ఖాలా దారం పళ్ళ మధ్య నుంచి, "రాదు. నేర్చుకుంటది" అన్నది. అమ్మ ముఖం మాడిపోయింది. వచ్చినవాళ్ళలో పెద్దామె మాత్రం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమే ఇప్పుడు మా అత్తమ్మ. కుట్టు నాకు ఇప్పటికీ రాదు.

ఈ మనిషే మాకు కొరియా రాజుల కథ చెప్పింది.

సర్కారు ఛానల్లో మధ్యాహ్నం వచ్చేదది, హిందీలో. ఆ భాగమే మర్నాడు పొద్దున మళ్ళీ వేసేవారు. సినిమా హిందీ అయితే మాకు అంతో ఇంతో తెలుస్తుంది గానీ, రాజులు మాట్లాడే ఆ బరువైన హిందీ ఒక్క ఖాలాకే అందేది. ఆమె చూస్తూ, వింటూ, చుడుతూ, తెలుగులో చెబుతూ పోయేది. చదివే మనిషి, కథ చెప్పే మనిషి చేతులు ఆగుతాయని మిగతావాళ్ళు తలా ఇన్ని బీడీలు ఆమె చాటలో వేయడం మా వాడలో పద్ధతి. ఖాలా చాటలో వేస్తే తీసి వెనక్కి వేసేసేది. "నా చేతులు ఆగినయా? నడిసేది నోరే గద" అనేది.

ఆ పేర్లు మా నాలుకకు తిరగలేదు. అందుకని మేమే పేర్లు పెట్టుకున్నాం. కథానాయకుడు నెత్తి మీద సన్నటి నల్లటి టోపీ పెట్టుకునేవాడు. దోమతెర లాగా లోపలి నుంచి వెలుతురు కనబడేది. అతను మాకు జాలిటోపీ.

"గా రాణి నెత్తి మీద గంత కొప్పేందే? మెడ ఇరగదా?" అనేది అమ్మ.

"గది సొంతం ఎంటికలు గాదు చెల్లె, సవరం. రాణి అయినంక మొయ్యాలె. గది గూడ నౌకరే."

"రాజులై ఉండి కింద కూసుండి తింటరేందే?"

"మంచిగనే ఉన్నది గదా! మనం గూడ రాజులమే అన్నట్టు."

కథ మధ్యలో కరెంటు పోయేది. ఆ తర్వాత ఏమై ఉంటుందో ఖాలానే ఊహించి చెప్పేది. అయితే చెప్పే ముందు చాట అంచు మీద ఒకసారి తట్టి, "ఇది నా మాట" అనేది. అంటే టీవీలో చూసింది కాదు, ఆమె అనుకుంటున్నది అని. మర్నాడు అసలు సంగతి తెలిశాక, "నిన్న నా మాట తప్పింది, ఇట్ల గాదట" అని ఒప్పుకునేది. సీరియల్ కథకు కూడా అంత లెక్క. టీవీలో ఉన్నది చెప్పేటప్పుడు మాత్రం అట్లా ముందు ఏ మాటా పెట్టేది కాదు. అది టీవీ మాటే అని మాకు తెలుసు.

జాలిటోపీ ఉత్తరాన కొండల్లోని ఒక ప్రాంతం నుంచి రాజధానికి వచ్చినవాడు. అక్కడివాళ్ళు ఎంత చదివినా కొలువుల్లో పెట్టుకోరు. పన్నులు మాత్రం ముక్కుపిండి తీసుకుంటారు. అతను ఊరూరా తిరిగి, తన వాళ్ళ కష్టం రాసి, రాజుకు అర్జీ పెట్టాడు. ఖాలా ఇది చెప్పిన రోజు మా చాటలన్నీ ఆగిపోయాయి.

"గిది మన ముచ్చటే గదనే!" అన్నది అమ్మ. "నువ్వు కలిపి చెప్తున్నవా ఖాలా?"

"నేను కలిపితే చెప్పనా మీకు?"

నిజంగానే అది మా ముచ్చట. సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులకు తాళాలు. బొగ్గుబావులు కూడా బంద్ కావడంతో కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. ఊళ్ళో నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి అందరం కలిసి వండుకుని తిన్నాం. ఆ వంటకు ఉల్లిగడ్డలన్నీ కోసింది ఖాలానే. "ఏడ్సేటోళ్ళు ఏడ్వుండ్రి, నా పేరు చెప్పుండ్రి" అని నవ్వించింది.

మా తమ్ముడు అప్పుడు జగిత్యాలలో డిగ్రీ చదివేవాడు. కాలేజీ మూతపడి ఇంటికి వచ్చాడు. కానీ పోయినప్పటి మనిషిలాగా తిరిగి రాలేదు. తరగతిలో వాడి పక్కన కూర్చునే స్నేహితుడు ఆ రోజుల్లోనే తెలంగాణ కోసమని ప్రాణం తీసుకున్నాడు. ఊరేగింపు తీశారు, దండలు వేశారు, అమరుడన్నారు. తమ్ముడు ఆ ఊరేగింపులో ముందు నడిచి, ఇంటికి వచ్చి, మాట బంద్ చేశాడు. పిలిస్తే పలికేవాడు, పెడితే తినేవాడు, అంతే. ఒకరోజు ఉన్నట్టుండి, "వాడు జేసేది జేసిండు. నేనింక ఏం జూసుకుంట కూసున్న అక్కా?" అన్నాడు.

రెండు రోజుల తర్వాత మేమంతా బీడీలు చేస్తుంటే వచ్చి, చేతి గడియారం తీసి నా చాటలో పెట్టాడు. డిగ్రీలో చేరినప్పుడు నాన్న కొనిచ్చింది, స్నానానికి తప్ప తీసేవాడు కాదు.

"నువ్వే ఉంచుకో అక్కా. నాకెందుకు టైము."

తంబాకు పొడి మీద ఆ గడియారం టిక్కుటిక్కుమంటున్నది. అమ్మ నా ముఖం చూసింది. నేను అమ్మ ముఖం చూశాను. ఇద్దరికీ ఒకటే అర్థమైంది. ఖాలా కూడా చూసింది. చూసి, "జర చాయ పెట్టు బిడ్డ" అన్నది నాతో.

ఆ రోజు నుంచి అమ్మ వాణ్ని కంటి ముందు నుంచి కదలనివ్వలేదు. నాన్న మంచం తలుపుకు అడ్డంగా వేసుకున్నాడు. మధ్యాహ్నం మా అర్రలో, ఆడవాళ్ళ మధ్య, టీవీ ముందు కూర్చోబెట్టేవాళ్ళం. వాడు మొదట్లో గోడకేసి చూసేవాడు. తర్వాత జాలిటోపీని చూడటం మొదలుపెట్టాడు. వాడు చూస్తున్నాడని మేము సంతోషించాం. అదేం కథో మాకు ముందు తెలియదు కదా.

ఆ భాగం వచ్చింది. అర్జీ వాపసు తీసుకుంటే ప్రాణం దక్కుతుంది, లేకుంటే విషపు గిన్నె పంపుతానన్నాడు రాజు. ఆ దేశంలో పద్ధతి అదట. గడ్డిచాప పరుస్తారు. దాని మీద మోకాళ్ళ మీద కూర్చుని, రాజు ఉన్న దిక్కుకు దండం పెట్టి, ఆ గిన్నె తామే ఎత్తుకుని తాగాలి. జాలిటోపీ అర్జీ వాపసు తీసుకోనన్నాడు. తెల్లబట్టలు కట్టుకుని చాప మీద కూర్చున్నాడు. ఏదో అన్నాడు. ఖాలా వెంటనే చెప్పలేదు.

"ఏమన్నడు ఖాలా?" అని అడిగింది తమ్ముడే.

ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. "నా సావు రాజు కండ్లు తెరిపిస్తది అంటున్నడు."

గిన్నె పైకి లేచింది. పెదవుల దాకా వచ్చింది. కరెంటు పోయింది.

"నీ కరెంటు పాడుగాను!" అన్నారు ఎవరో. "ఇగ నీ మాట చెప్పు ఖాలా, ఏమైతది?"

ఖాలా చాట అంచు తట్టలేదు. తమ్ముడు ఆమె ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"తాగినంక రాజు కండ్లు తెరిసిండా ఖాలా?"

తాగాడా అని అడగలేదు. తాగిన తర్వాతి సంగతి అడిగాడు. అమ్మ చేతిలో కత్తెర కింద పడింది. ఖాలా వేళ్ళు ఆగలేదు గానీ, చుట్టిన బీడీకి దారం కట్టడం మరిచి చాటలో వేసింది. అది మెల్లగా విచ్చుకుంది.

"నాకు తెల్వది బేటా. తెల్వనిది చెప్ప. రేపు పొద్దున మల్లేస్తడు, చూసి చెప్త."

"రేపు గూడ కరెంటుండదు."

"ఉన్నకాడికి పోయి చూస్త. నేను అచ్చి చెప్పెదాక ఆగుతవా?"

వాడు తల ఊపాడు.

"తల ఊపుడు గాదు. నోటితోని చెప్పు బేటా."

"ఆగుత" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే బురఖా వేసుకుని, గొడుగు పట్టుకుని ఆమె బయలుదేరింది. జగిత్యాలలో ఆమె అక్క కొడుకు దుకాణంలో ఇన్వర్టర్ ఉన్నది, చిన్న టీవీ ఉన్నది. బస్సులు లేవు. దారిలో ఎక్కడికక్కడ రాస్తారోకోలు. ఆటోలో పదిమందితో కలిసి కూర్చుని పోవాలి. ఆమెవి నొప్పుల మోకాళ్ళు.

"సీరియల్ కోసం గంత దూరం పోతవా ఖాలా?" అన్నది అమ్మ, తెలిసీ.

"సీరియల్ కోసం గాదు చెల్లె" అని గొడుగు తెరిచింది.

మధ్యాహ్నం దాటాక వచ్చింది. బురఖా నిండా దుమ్ము. ఎప్పుడూ వస్తూనే చాట ఒళ్ళోకి లాక్కునే మనిషి, ఆ రోజు మంచినీళ్ళు తాగి, మోకాళ్ళు రాసుకుంటూ కూర్చున్నది. తమ్ముడు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. అప్పుడు చాట తీసుకుంది. ఒక ఆకు కోసింది.

"ఇది టీవీ మాట" అన్నది. చెప్పడం మొదలుపెట్టింది.

"గిన్నె మూతి కాడికి పోయింది. గప్పుడు దూరంకెల్లి డెక్కల సప్పుడు. అందరు అటు జూసిండ్రు. తెల్లగుర్రం! మీదున్నాయన చెయ్యి ఊపుకుంట, ఆపుండ్రి ఆపుండ్రి అని ఒర్రుకుంట అచ్చిండు. గుర్రం మీదికెల్లే గిన్నెను తన్నిండు. ఇసమంత మన్నుల పోయింది."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఎవ్వలు పంపిండ్రు గుర్రాన్ని?" అన్నాడు తమ్ముడు.

"వాళ్ళ ఊరి ఆడోళ్ళు. ముసలోళ్ళు, పిల్లతల్లులు, అందరు పోయి కోట ముంగట సాపలేసుకొని కూసున్నరు. లెవ్వుండ్రి అంటే లెవ్వలే. మా పోరడు మాకు గావాలె, తక్కిన ముచ్చట తర్వాత అన్నరు. రాజు ఏం జేస్తడు? గుర్రమెక్కించి పంపిండు."

"మరి అర్జీ?"

"అర్జీ రాజు కాడనే ఉన్నది, ఇంక చదువుతున్నడు. రాజులు జల్ది చదువుతరా బేటా?"

"గాయన?"

"దూరం దీవికి పంపిండ్రు. ఇగ కతల కనబడడు. ఆడ చిన్న ఇల్లేసుకుండు. పసుపు పెట్టిండు."

"పసుపా?"

"పసుపే."

"మన దిక్కు పండినట్టు గా దేశంల గూడ పసుపు పండుతదా ఖాలా?"

"పండుతది. ఆకులు గింతెత్తు లేసినయ్. నేను జూసిన గద" అని చాట పక్కన చేయి ఎత్తి చూపించింది.

తమ్ముడు నవ్వాడు. నోరు కొంచెమే కదిలింది, కానీ నవ్వే. ఎన్నాళ్ళకో. అమ్మ లేచి వంటింట్లోకి పోయింది, అక్కడి నుంచి ఏడుపు వినిపించింది.

"బతికి ఏం జేస్తడు ఖాలా గాయన?"

ఈ మాటకు ఆమె దారం పళ్ళ మధ్య నుంచి తీసేసింది.

"రేపు వాళ్ళ రాజ్యం వాళ్ళకు అచ్చినంక అండ్ల ఉండెటోళ్ళు గావాలె గద బేటా. అందరు పోతే ఎవ్వలుంటరు? ఉత్త జెండాలు ఉంటయా?"

ఆ తర్వాత ఆమె మాకు ఆ సీరియల్ చెప్పలేదు. "ఇగ నేను చెప్ప చెల్లె, పాటలు పెట్టుకోండ్రి" అన్నది. తెలుగులో చెప్పేవారు లేక మేమూ పెట్టడం మానేశాం. ఇంకొకటి కూడా జరిగింది. మర్నాడు నేను చాయ ఇస్తే ఖాలా తీసుకోలేదు. ఆ మర్నాడూ తీసుకోలేదు. మంచినీళ్ళు కూడా తాగలేదు.

"పానం మంచిగ లేదా ఖాలా?"

"రోజా పట్టిన బిడ్డ."

"గిది రంజాన్ గాదు గద?"

"రంజాన్ గాదు. నాది" అని దారం తెంపింది.

మళ్ళీ ఆమె చాయ తాగడం మొదలుపెట్టిన రోజుల్లోనే, ఒక మధ్యాహ్నం తమ్ముడు అర్రలోకి వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, నా గడియారం ఏది?"

అది దేవుని గూట్లో ఉన్నది. నేను అక్కడే పెట్టి రోజూ దానికీ కలిపే దండం పెట్టుకున్నాను. లేచి పోయి తెచ్చి ఇచ్చాను. వాడు తీసుకుని, అద్దం మీద ఉన్న కుంకుమ అంగీకి తుడిచి, చేతికి పెట్టుకున్నాడు. అమ్మ తల ఎత్తలేదు, ఎత్తితే ఏడుస్తుంది. ఖాలా దారం కొరుకుతూ అడిగింది.

"టైమెంతైంది బేటా?"

"మూడున్నర."

"నమాజుకు ఇంక టైమున్నది" అన్నది. ఇంకో ఆకు తీసుకుంది.

తెలంగాణ వచ్చిన నాడు నేను సిరిసిల్ల నుంచి అమ్మగారింటికి పోయాను. వీధి నిండా డప్పులు, గులాలు. ఖాలా టిఫిన్ డబ్బాలో సేమియా తెచ్చింది. తమ్ముణ్ని కూర్చోబెట్టి తన చేత్తో తినిపించింది. వాడి చెంప మీద చేయి వేసి, "అండ్ల ఉన్నవ్ గద. బస్, సాలు" అన్నది. తర్వాత మెల్లగా, "నీ దోస్తు పేరేంది? ఒకపారి చెప్పు" అని అడిగింది. వాడు చెప్పాడు. డప్పుల మధ్య, ఆమె రెండు అరచేతులూ చాపి, కళ్ళు మూసుకుని, ఆ పిల్లవాడి కోసం ఏదో చదువుకుంది. ఎవరి పేరు మీద ఎవరు అడిగినా వినే దేవుడు ఉన్నాడని నేను నమ్ముతాను. ఆ రోజు విన్నాడు.

ఇన్నేళ్ళకు ఆమె పోయింది. ఆమె పోయిన నెల రోజులకు, మా బిడ్డ ఫోన్లో ఏదో చూస్తుంటే పక్కన కూర్చుని పూలు కడుతున్నాను. తెరలో సన్నటి నల్లటి టోపీ కనబడింది. దోమతెర లాగా లోపలి నుంచి వెలుతురు.

"ఏందే గిది?"

"కొరియా సీరియలమ్మా, పాతది. గిప్పుడు తెలుగుల అస్తున్నది."

పూలు పక్కన పెట్టాను. ముందు నుంచి పెట్టమన్నాను. నాలుగు రోజులు పని తీరినప్పుడల్లా చూశాను. కొండల ప్రాంతం, అర్జీ, పెద్ద కొప్పు రాణి, అన్నీ ఖాలా చెప్పినట్టే ఉన్నాయి. ఒక్క మాట తేడా లేదు. ఆ గొంతుల మీద నాకు ఖాలా గొంతే వినబడింది. గడ్డిచాప వచ్చింది. తెల్లబట్టలు. అతను ఆ మాట అన్నాడు. గిన్నె పైకి లేచింది. ఈసారి కరెంటు పోలేదు.

నేను డెక్కల చప్పుడు కోసం ఆగాను. ఒకసారి దారి చూపించారు. దూరం దాకా ఖాళీగా ఉన్నది. గుర్రం వస్తుందనే అనుకున్నాను, వచ్చే దిక్కు కూడా నాకు తెలిసినట్టే అనిపించింది. అతను తాగాడు. చాప మీద పక్కకు ఒరిగాడు. ఆ తర్వాత కోటలో రాజు అన్నం తింటున్నాడు. ఒకడు వచ్చి చెవిలో చెప్పాడు. రాజు తల ఊపి, మళ్ళీ చెంచా ఎత్తాడు.

ఆడవాళ్ళు లేరు. చాపలు లేవు. దీవి లేదు.

"ఏందమ్మా, సీరియల్ గదా, గింత ఏడుస్తున్నవేంది?" అన్నది మా బిడ్డ.

తమ్ముడికి ఫోన్ చేశాను. వాడిప్పుడు జగిత్యాల దగ్గర సబ్‌స్టేషన్లో డ్యూటీ చేస్తాడు. ఇద్దరు పిల్లలు.

"గుర్రం రాలేదురా" అన్నాను.

వాడు ఏ గుర్రమని అడగలేదు.

"నాకు గప్పుడే తెలుసక్కా."

"గప్పుడేనా?"

"మొదలే ఇది టీవీ మాట అన్నది. టీవీ మాటకు ఖాలా ఎన్నడన్న గట్ల చెప్పిందా? ఇగ దీవిల పసుపు పెట్టిండంటే మొత్తం సమజైంది."

"మరి ఎందుకు అడగలే?"

అటు నుంచి ట్రాన్స్‌ఫార్మర్ల మోత ఒక్కటే వినిపించింది.

"గా ముసలామె, గా మోకాళ్ళతోని గంత దూరం పోయింది. ఒక్క మాట అటు ఇటు చెప్పని మనిషి, రేపు అల్లాకు జవాబు చెప్పుకోవాలె అనుకునే మనిషి, నా కోసం అబద్ధమాడింది. ఇగ నేను పోతే గా అబద్ధం ఉత్తగ పోతది గదక్కా. గట్ల ఎట్ల పోనిస్త?"

ఫోన్ పెట్టేశాక ఆనాడు నేను ఇచ్చిన చాయ గ్లాసు కళ్ళ ముందుకు వచ్చింది. ఆమె తీసుకోని గ్లాసు. రంజాన్ కాదు, నాది అన్న మాట. ఆ ఒక్క అబద్ధానికే ఆ ఉపవాసమని ఇప్పుడు అర్థమైంది. ఇంట్లోకి పోయి చాయ పెట్టుకున్నాను. మొదటి గుక్కకు ఆమె మాటే అన్నాను. రెండో గుక్కకు కూడా.

ఇది చదివినవాళ్ళను ఒకటే అడుగుతున్నాను. మీరు ఏ దేవుని ముందు కూర్చుంటారో నాకు తెలియదు, చేతులు జోడిస్తారో చాపుతారో తెలియదు. ఆ సమయంలో ఒక్కామెను యాది చేసుకోండి. కోరుట్లలో బీడీలు చేసుకుని బతికిన ఒక ఖాలా. పేరు అక్కర్లేదు. ఎవరూ పంపని గుర్రాన్ని తానే పంపింది, అది వేళకు వచ్చి చేరింది. ఆ ఒక్క మాటకు ఆమెను పైన ఎవరైనా నిలదీస్తే, మా వాడి గడియారం ఇంకా నడుస్తున్నదని నా తరఫున మీరు కూడా చెప్పండి.